విల్ఫ్ గార్బట్ గారి కింగ్స్‌వుడ్

ఆదివారం పొద్దున ఎనిమిదింటికి నెవిల్ గార్బట్ షెడ్డు తలుపు తీసి, చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్తాడు. లోపల ఉన్నది వాళ్ళ నాన్న విల్ఫ్ కారు. డెబ్బై రెండో సంవత్సరం మోడల్ కింగ్స్‌వుడ్. మీగడ రంగు, నాలుగు తలుపులు, ముందు ముగ్గురు వెనక ముగ్గురు కూర్చోగలిగే పొడుగాటి సీట్లు. ఒకప్పుడు ఎలిజబెత్ ఊళ్ళో రెండిళ్ళకొకటి చొప్పున ఉండేవి ఈ బళ్ళు. ఉండవా మరి, అవి తయారయ్యేది ఆ ఊరి ఫ్యాక్టరీలోనే, తయారుచేసేది ఆ ఇళ్ళవాళ్ళే. ఫ్యాక్టరీ మూతపడి ఆరేళ్ళయింది. బళ్ళు చాలామటుకు తుక్కయిపోయాయి. నెవిల్ షెడ్డులో ఉన్నది మాత్రం చెక్కు చెదరలేదు.

చెదరనివ్వలేదు అనడం న్యాయం. పంతొమ్మిదేళ్ళ క్రితం విల్ఫ్ పోయిన రోజున కారు ఎలా ఉందో ఇవాళా అలాగే ఉండాలని నెవిల్ వ్రతం. ఒకసారి లోపలి బల్బు మాడిపోతే కొత్తది వేసి, మాడిపోయినదాన్ని చాక్లెట్ డబ్బాలో దూది మీద పడుకోబెట్టి దాచాడు. రేడియోలో ఒక్క స్టేషనే పలుకుతుంది, అందులో గుర్రప్పందేలు తప్ప మరోటి రావు. నెవిల్‌కి పందేలంటే అసహ్యం. అయినా అదే వింటాడు. డెబ్బైకి ఒక ఏడాది తక్కువ వయసు. పెళ్ళి చేసుకోలేదు. కారునే చేసుకున్నాడని ఊళ్ళో అంటారు.

చిక్కల్లా ఏమిటంటే, విల్ఫ్ వీలునామాలో కారుని ఇద్దరు పిల్లలకీ సమానంగా రాశాడు. రెండో సగం చెల్లెలు గ్లెండాది. ముప్ఫై ఏళ్ళు సిటీ బస్సు నడిపి రిటైరై, పక్క ఊరు గాలర్‌లో ఉంటుంది. ఆవిడకి కారంటే ఇష్టమే, కానీ ఇష్టపడే తీరు వేరు. కారంటే పరిగెత్తాలి, ఆగమన్నచోట ఆగాలి, లోపలున్నవాళ్ళు ప్రాణాలతో దిగాలి అంటుంది.

ఆ ఫిబ్రవరిలో పిన్ని కూతురి అరవయ్యో పుట్టినరోజుకి అన్నాచెల్లెళ్ళిద్దరూ దాంట్లో బయల్దేరారు. భూగోళానికి కింది సగంలో ఉన్న ఊరు కాబట్టి అక్కడ ఫిబ్రవరంటే ఎండాకాలం, బయట నలభై మూడు డిగ్రీలు.

"అన్నయ్యా, ఇది కారా, రొట్టెలు కాల్చే పొయ్యా?" అంది గ్లెండా.

"కిటికీ దించు."

"దించితే పొయ్యిలోకి గొట్టంతో ఊదినట్టుంది."

"నాన్న మనల్ని దీంట్లోనే తిప్పాడు. ఎవరైనా చచ్చారా?"

"కుక్క చచ్చింది."

"అది ముసలిదై చచ్చింది, గ్లెండా!"

"దీంట్లో రెండుసార్లు ఎక్కితే నేనూ ముసలిదాన్నయ్యే చస్తాను. విను, నా సగం ఏ సగమో చెప్పు. ముందు సగం నాదైతే ఎనిమిది సిలిండర్ల ఇంజన్ పెట్టిస్తాను, డిస్క్ బ్రేకులు వేయిస్తాను, ఏసీ పెట్టిస్తాను. వెనక సగంలో నువ్వు నాన్న ఫోటో పెట్టుకుని పూజ చేసుకో."

కొండ ఎక్కుతుంటే ఇంజన్ కాగి ఆవిరి కక్కింది. ఇద్దరూ యూకలిప్టస్ చెట్టు కింద ముప్పావు గంట నిలబడ్డారు. గ్లెండా కొత్త గౌను వీపంతా రెక్సిన్ గీతలు. పుట్టినరోజు కేకు కోయడం అయిపోయాక చేరారు.

తిరిగొచ్చేటప్పుడు గ్లెండా ఒక ఒప్పందం పెట్టింది. ఎలాగూ మే నెలలో ఊరి మైదానంలో పాత బళ్ళ ప్రదర్శన ఉంది. "ఏ మార్పూ లేని బళ్ళు" అనే విభాగంలో పెట్టు. బహుమతొస్తే నా సగం గురించి ఇక జన్మలో ఎత్తను. రాకపోతే నేను చెప్పినట్టు జరగాలి.

"ఇది పందెమా?" అన్నాడు నెవిల్ అనుమానంగా.

"రేడియోలో రోజూ వినేవే కదా."

నెవిల్ ఒప్పుకున్నాడు. ఓడిపోతానన్న ఆలోచన అతనికి కలలో కూడా లేదు. కారు కొన్న రోజు నుంచి పెట్రోలు పోయించిన ప్రతి రసీదూ, మార్చిన ప్రతి టైరు బిల్లూ తేదీలవారీగా ఫైలు చేసి పెట్టాడు. నిజాయితీ అన్నది ఆ ఇంట్లో ఫర్నిచర్ లాంటిది. అతను ఫ్యాక్టరీ గేటు దగ్గర ముప్ఫై ఎనిమిదేళ్ళు కాపలా ఉద్యోగం చేసినవాడు. షిఫ్టు దిగి ఇళ్ళకి పోయేవాళ్ళ లంచ్ బాక్సులు తెరిచి చూడడం అతని పని. ఊరంతా అతన్ని గేటు గార్బట్ అనేది.

ఆ ఉద్యోగం ఇప్పించింది నాన్నే. చిన్నప్పుడు నెవిల్‌కి ఉబ్బసం. వీడు లోపల పెయింటు పొగలో బతకలేడు, బయట గాలి తగిలే పనేదైనా ఇవ్వండయ్యా అని విల్ఫ్ టోపీ చేతిలో పట్టుకుని మేనేజరు గది ముందు రెండు గంటలు నిలబడ్డాడట. ఎవరికోసమూ తల వంచని యూనియన్ మనిషి కొడుకు కోసం వంచాడు.

అంత నిఖార్సయిన ఉద్యోగంలోనూ ఒక ముల్లు దిగబడి ఉంది. డెబ్బై తొమ్మిదిలో ఒక సాయంత్రం విమ్ టెర్ప్‌స్ట్రా లంచ్ బాక్సులో, బ్రెడ్డు ముక్కల కింద, డాష్‌బోర్డులో పెట్టే గడియారం దొరికింది. హాలెండు నుంచి వచ్చిన విమ్, విల్ఫ్ పక్కనే నిలబడి తలుపులు బిగించేవాడు. నెవిల్‌కి వరసకి కాకపోయినా పిలుపుకి బాబాయ్. చిన్నప్పుడు నల్లటి ఉప్పు మిఠాయి తెచ్చిపెట్టినవాడు. నెవిల్ రిపోర్టు రాశాడు. మర్నాడే విమ్ ఉద్యోగం ఊడింది. ఆ రాత్రి భోజనం దగ్గర విల్ఫ్ కొడుకు వంక చాలాసేపు చూసి, "నీ డ్యూటీ నువ్వు చేశావు" అని మాత్రం అన్నాడు. పళ్ళెంలో బంగాళాదుంపలు అలాగే వదిలేశాడు. అప్పట్నుంచి విమ్ ఎదురుపడితే నెవిల్ రోడ్డు దాటి అవతలి పక్కకి వెళ్ళిపోయేవాడు. నలభై నాలుగేళ్ళు రోడ్లు దాటాడు.

ప్రదర్శన రోజు ఎండ ముదరకముందే మైదానం నిండిపోయింది. ఒక పక్క ఉల్లిపాయలూ సాసేజీలూ వేగుతున్నాయి. "ఏ మార్పూ లేని" వరసలో నెవిల్ కారు పెళ్ళికూతురిలా నిలబడి ఉంది. నెవిల్ టై కట్టుకుని, ఫైలు చంకలో పెట్టుకుని పక్కనే నిలబడ్డాడు. గ్లెండా మడత కుర్చీలో కూర్చుని సాసేజీ తింటోంది.

జడ్జి బెవర్లీ అనే పొట్టి ఆవిడ. మెడలో టార్చి, చేతిలో పుల్లకి బిగించిన చిన్న అద్దం. బానెట్ ఎత్తించి చాలాసేపు వంగి చూసింది.

"ఇక్కడొక రేకుండాలే. మోడలూ నంబర్లూ కొట్టి ఉంటుంది."

"ఉందండీ. అదిగో, ఆ నల్లరంగు కింద. నాన్న ఒకసారి ఇంజన్ గదంతా బ్రష్‌తో రంగు వేశాడు. అది మేం ముట్టుకోలేదు," అన్నాడు నెవిల్ గర్వంగా.

"రేకు మీద కూడా వేశారే?"

"నాన్న ఏ పనైనా సగంలో వదలడు."

ఆవిడ అడిగి, దూదితో మందు అద్ది మెల్లగా తుడిచింది. నల్లరంగు కింద నుంచి అల్యూమినియం మెరిసింది. ఆవిడ అక్షరాలు చదివింది, కళ్ళజోడు మార్చుకుని మళ్ళీ చదివింది. అప్పుడు లోపల దూరి డాష్‌బోర్డు కిందా, సీటు కిందా, తలుపు అట్టల వెనకా అద్దం పెట్టి చూసుకుంటూ పుస్తకంలో రాసుకుంది. బయటికొచ్చేసరికి ఆవిడ మొహంలో చావు కబురు చెప్పడానికి వచ్చిన నర్సు మర్యాద ఉంది.

"నెవిల్ గారూ, ఇది కింగ్స్‌వుడ్ కాదండీ."

"అంటే?"

"బెల్మాంట్. అన్నిటికంటే చవక మోడల్. టాక్సీలకీ, గవర్నమెంటు ఆఫీసులకీ ఇచ్చేవారు. కింద కార్పెట్ ఉండదు, రబ్బరు పట్టాలు. తలుపులకి చేతులానించుకునే దిమ్మలుండవు. పక్కన ఈ మెరుపు పట్టీలుండవు. మీ నాన్నగారు కొన్నది అది."

"అన్నీ ఉన్నాయి కదండీ కళ్ళ ముందు!"

"ఉన్నాయి. ప్రతి భాగం వెనకా తయారైన సంవత్సరం ముద్ర ఉంటుంది. కారు డెబ్బై రెండు. ఎడం తలుపు అట్ట డెబ్బై అయిదు, కుడిది డెబ్బై ఏడు. స్టీరింగ్ డెబ్బై ఆరు. వెనక సీటు డెబ్బై ఎనిమిది. కారు పుట్టిన ఆరేళ్ళకి దాని సీటు పుట్టింది."

"నాన్న కొని వేసుంటాడు."

"అయుండచ్చు. బిల్లులున్నాయా?"

నెవిల్ ఫైలు తెరిచాడు. పెట్రోలు ఉంది. టైర్లున్నాయి. ఎనభై మూడులో కొన్న వైపరు రబ్బరుకి కూడా రసీదుంది. స్టీరింగుకి లేదు. సీటుకి లేదు. అతను చివరి కాగితం దాకా తిప్పాడు, మళ్ళీ మొదటికొచ్చి తిప్పాడు. నిజాయితీకి సాక్ష్యంగా అతను యాభై ఏళ్ళుగా పోగుచేసిన ఫైలే తండ్రి మీద వాంగ్మూలం ఇస్తోంది.

గ్లెండా పగలబడి నవ్వింది. సాసేజీ గొంతుకి అడ్డం పడేదాకా నవ్వి, అన్న మొహం చూసి ఠక్కున ఆపింది.

"మార్పులు చేసిన బళ్ళ వరసలో ఖాళీ ఉందండీ," అంది బెవర్లీ మెత్తగా.

ఆ వరసలో ఒక పక్క ఊదారంగు బండి, బానెట్‌ని చీల్చుకుని పైకొచ్చిన ఇంజన్‌తో. ఇంకో పక్క తలుపుల మీద మంటలు గీసిన బండి. మధ్యలో టై కట్టుకున్న నెవిల్. మంటల బండి కుర్రాడు వచ్చి చుట్టూ తిరిగాడు.

"ఏం చేయించావు తాతా దీనికి?"

"ఏమీ చేయించలేదు."

"భలే! ఏమీ చేయనట్టే ఉంది చూడు, అదీ పనితనమంటే," అని వాడు స్నేహితులని పిలుచుకొచ్చాడు. వాళ్ళు తలుపులు తెరిచి మూసి, ఆ చప్పుడు విని, తలలూపారు.

నెవిల్ మడత కుర్చీలో కూలబడ్డాడు. గ్లెండా పక్కన గడ్డి మీద కూర్చుంది.

"అన్నయ్యా, ఇది చెప్పగలిగిన మనిషి ఒక్కడే ఉన్నాడు. అదిగో, ఆ చివర పాత సామాన్ల కొట్టు దగ్గర."

"వద్దు."

"తొంభై రెండేళ్ళాయనకి. ఇవాళ అడక్కపోతే ఇక సమాధినే అడగాలి."

నెవిల్ వద్దంటూనే ఉన్నాడు. ఆవిడ వెళ్ళిపోయింది. కాసేపటికి చక్రాల నడక బండి తోసుకుంటూ విమ్ టెర్ప్‌స్ట్రా వచ్చాడు. పొడుగాటి మనిషి, ఇప్పుడు కొక్కెంలా వంగాడు. కారుని చూసి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, డచ్చిలో ఏదో అనుకున్నాడు.

"బాబాయ్," అన్నాడు నెవిల్ లేవబోతూ. ఆ మాట నలభై నాలుగేళ్ళ తరవాత నోట్లోంచి తుప్పుపట్టి వచ్చింది.

"కూర్చోరా అబ్బాయ్. ఈసారి పారిపోవడానికి ఇక్కడ రోడ్డు కూడా లేదు." నడక బండికున్న పలక మీద తనూ చతికిలబడ్డాడు. "ఏం, పట్టుకున్నారా మీ నాన్నని? ఆలస్యమైంది."

"నిజమేనా? నాన్న..."

"ఒక్కడే అంటావేం? నలుగురం. అందరిలోకీ మీ నాన్న కళాకారుడు. ఈ కార్పెట్ ఉంది చూశావా, పొట్టకి చుట్టుకుని పైన స్వెటరు వేసుకున్నాడు. నడి ఎండాకాలం, జనవరి నెలలో! నువ్వు గేటు దగ్గర ఏమన్నావో గుర్తుందా? 'నాన్నా, ఈ మధ్య ఒళ్ళు చేశావు, అమ్మని వెన్న తగ్గించమను' అన్నావు."

గ్లెండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"పక్కన ఈ పట్టీలు పంట్లాములో దించుకుని కుంటుకుంటూ వచ్చాడు. నీకు జాలేసి లారీలొచ్చే పెద్ద గేటు తెరిపించావు."

"మోకాలి నొప్పన్నాడు," అన్నాడు నెవిల్ నీరసంగా.

"ఏడాదికి నాలుగుసార్లు నొప్పి. పట్టీలు నాలుగు కదా. స్టీరింగ్ మెళ్ళో వేసుకుని మఫ్లరు చుట్టాడు. ఆ వారం నువ్వు మాకందరికీ దగ్గు మందు పంచావు."

"సీటు? అంత సీటు ఎలా..."

"దాన్ని మేం దాచలేదురా. ఇద్దరం చెరో పక్కా పట్టుకుని తిన్నగా నీ ముందు నుంచే మోసుకొచ్చాం. 'క్యాంటీన్‌కి బెంచీ, కాస్త అడ్డం తొలగు' అన్నాడు మీ నాన్న. నువ్వు తొలగావు. పైగా అటు చివర ఒక చెయ్యి కూడా వేశావు."

ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నెవిల్ ఈశ్వరుడు కాడు, నెలజీతానికి గేటు దగ్గర కూర్చున్నవాడు. అయినా అతనికి అవమానం ముందు రాలేదు. వేరే ఆలోచన వచ్చింది.

"బాబాయ్, నన్ను గేటు ఉద్యోగంలో పెట్టించింది..."

విమ్ ఊదారంగు బండి వైపు చూశాడు.

"నీకు ఉబ్బసం ఉండేదిరా. అది అబద్ధం కాదు. రాత్రుళ్ళు నువ్వు దగ్గుతుంటే మీ నాన్న నిద్రపోకుండా పొద్దున పనిలో తూలేవాడు."

"అదొక్కటేనా?"

"ఒక మనిషికి ఒక పని చేయడానికి ఒకే కారణం ఉండాలని ఎక్కడ రాసుంది? ఉబ్బసం ఉంది. కార్పెట్ కూడా కావాలి."

"ఎందుకు కావాలి? రబ్బరు పట్టాలతో నడవదా కారు?"

"అది మీ అమ్మని అడగాలి," అన్నాడు విమ్. "పక్కింటి డోరిస్‌కి మీ అమ్మ ఎడ్నా గోడ మీంచి చెప్పేసింది, మేం కింగ్స్‌వుడ్‌కి ఆర్డరిచ్చాం అని. మీ నాన్న చేతిలో ఉన్నది బెల్మాంట్ డబ్బులు. ముందు పేరు బిళ్ళ ఒక్కటే తెచ్చి అంటించాడు, డోరిస్ కోసం. పేరుంటే కార్పెట్ ఉండాలి. కార్పెట్ ఉంటే దిమ్మలుండాలి. ఎడ్నా ఆడిన ఒక్క అబద్ధాన్ని నిజం చేయడానికి ఆ మానవుడికి ఏడేళ్ళు పట్టింది."

గ్లెండా మెల్లగా, "అమ్మకి తెలుసా?" అంది.

"తెలీకపోతే స్వెటర్లు అంత వదులుగా ఎందుకు అల్లుతుంది?"

మైకులో ఎవరో తప్పిపోయిన కుక్క గురించి ప్రకటించారు. నెవిల్ తల వంచుకుని అడిగాడు, అన్నేళ్ళూ అడగలేక రోడ్లు దాటిన మాట.

"మరి నీ గడియారం?"

"నాది కాదు. మీ నాన్నది. చివరికి మిగిలింది అదొక్కటే. ఆ పొద్దున నువ్వు ఇంట్లో అన్నావట, 'ఇవాళ్టి నుంచి మా నాన్న బాక్సు కూడా చూడమని ఆర్డరొచ్చింది' అని. గడియారం అప్పటికే ఫ్యాక్టరీలో మీ నాన్న లాకర్లో ఉంది. అక్కడే వదిలితే సాయంత్రం తనిఖీలో దొరుకుతుంది. అందుకని నేను తీసుకున్నా. నువ్వు పట్టుకుంటే నా ఉద్యోగం పోతుంది, అంతే. మీ నాన్నని పట్టుకుంటే ఇద్దరి బతుకులూ పోతాయి. లెక్క తేలికే."

"నా మూలంగా నీ ఉద్యోగం..."

"ఒరేయ్, నువ్వు పట్టుకోకపోతే నేను ఇంకో ఇరవై ఏళ్ళు తలుపులే బిగించేవాణ్ణి. పని పోయాక తుక్కు బళ్ళు కొని విప్పి అమ్మడం మొదలుపెట్టా. అదిగో కొట్టు, మా మనవరాలు నడుపుతోంది. సముద్రం ఎదురుగా ఇల్లు. ఏటా క్రిస్మస్‌కి నీ పేరు చెప్పి ఒక గ్లాసు ఎక్కువ తాగుతా. నువ్వేమో నన్ను చూసి అవతలి పేవ్‌మెంటుకి గెంతుతావు." విమ్ నవ్వి, దగ్గి, అడిగాడు. "ఆ గడియారం ఏమైంది ఇంతకీ?"

నెవిల్ టై ముడి వదులు చేసుకున్నాడు.

"మా సెక్యూరిటీ ఆఫీసరు తీసుకున్నాడు. వారం తరవాత ఆయన కార్లో చూశాను. పెట్టుకుని తిరుగుతున్నాడు."

"మరి రిపోర్టు రాశావా?"

"లేదు."

"అమ్మయ్య," అన్నాడు విమ్. "నువ్వూ మనిషివే."

మామూలు మనిషైతే అంతటితో ఊరుకుని ఇంటికెళ్ళి టీ తాగేవాడు. నెవిల్ నాలుగు రోజులు షెడ్డు తలుపు తీయలేదు. అయిదో రోజు గ్లెండాకి ఫోను చేశాడు.

"మార్పు లేకుండా ఉంచాలన్నది నా నియమం. కారు నిజ స్వరూపం బెల్మాంట్ అయితే దాన్ని బెల్మాంట్ చేస్తాను. కార్పెట్ తీసేస్తాను. అన్నీ తీసేస్తాను."

"నాన్న జ్ఞాపకంగా కారుంచుకుంటానన్నావు. ఇప్పుడు నాన్న చేసిందంతా పీకేస్తావా?"

"అది దొంగ సొత్తు."

"సరే, పీకి ఎవరికి తిరిగిస్తావు? గేటుకి తాళమేసుంది."

నెవిల్ ఫోను పెట్టేసి పానా తీసుకున్నాడు. ముందు రబ్బరు పట్టాల కోసం వెతికాడు. రాష్ట్రమంతా ఫోన్లు చేశాడు. ఎక్కడా లేవు. చివరికి విమ్ యార్డుకి వెళ్ళాల్సొచ్చింది.

"కార్పెట్లు కావాలంటే గుట్టలున్నాయి," అన్నాడు విమ్. "రబ్బరు పట్టాలు ఎవడు దాచుకుంటాడురా? నేనే వందలు చెత్తలో పారేశాను. బీదవాడి కారు కావాలంటే ఇప్పుడు డబ్బున్నవాడికే సాధ్యం. ఉండు, కుక్క గూట్లో ఒక జత ఉన్నట్టుంది."

కుక్క ఒప్పుకోలేదు. బిస్కెట్లు పెట్టి, బతిమాలి లాక్కొచ్చారు. ఇంటికి తెచ్చి మూడుసార్లు సబ్బుతో కడిగినా కుక్క వాసన వదల్లేదు.

కార్పెట్ లేపడానికి నెవిల్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అంచున స్క్రూలు. టార్చి వేసి చూస్తే ఒకటి తెలిసింది. ప్రతి స్క్రూ తల మీద గాడి ఒకే దిక్కుకి ఉంది. ఇరవై రెండు స్క్రూలు, అన్నీ నిలువుగా. ఫ్యాక్టరీలో ఏ కారుకీ అలా ఉండదు. నిమిషానికో బండి కదిలిపోయేచోట గాడుల దిక్కు చూసే తీరికెవరికి? తలుపు దిమ్మ విప్పబోతే రాలేదు. లోపల విల్ఫ్ ఇంకో రేకు ముక్క కోసి, అంచులు నున్నగా అరగదీసి, ఊగకుండా బిగించాడు. డోరిస్‌కి కనపడేది పైపైన మెరుపే. ఈ లోపలి రేకు ఎవరికి కనపడాలని? నెవిల్ గంటన్నర కుస్తీ పట్టి ఒక్క దిమ్మ విప్పాడు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, రబ్బరు వాసనలో, బల్బు వెలుతుర్లో కూర్చున్నాడు. వెక్కి వెక్కి ఏడవలేదు గానీ, ముక్కు రెండుసార్లు చీదాడు. తరవాత దాన్ని తిరిగి బిగించడానికి ఇంకో రెండు గంటలు పట్టింది. తన స్క్రూల గాడులు తలో దిక్కూ చూస్తున్నాయి. విప్పి మళ్ళీ బిగించాడు, నిలువుగా వచ్చేదాకా.

పట్టాలు కుక్కకి తిరిగిచ్చేశాడు.

పందెం పందెమే. గ్లెండా జాబితా పట్టుకుని వచ్చింది. ఎనిమిది సిలిండర్ల ఇంజన్, డిస్క్ బ్రేకులు, ఏసీ. నెవిల్ ఒక్కటే షరతు పెట్టాడు, ప్రతిదానికీ బిల్లుండాలి. గ్లెండా ఒప్పుకుంది. సామాను విమ్ మనవరాలి దగ్గర కొన్నారు. ఇంజన్ దించి ఎక్కించడానికి మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలలూ నెవిల్ మెకానిక్ వెనకే నిలబడి, "గాడి నిలువుగా, నిలువుగా" అని ప్రాణం తీశాడు.

అన్నీ అయ్యాక, మార్పులు చేసిన బండి రోడ్డెక్కాలంటే రవాణా ఆఫీసులో తనిఖీ చేయించి కాగితం తీసుకోవాలి. డిసెంబరులో వెళ్ళారు. కిటికీ వెనక గుమాస్తా ఒక ఫారం ఇచ్చాడు. "కారు తయారైన నాటి నుంచి చేసిన మార్పులన్నీ రాయండి. భాగం పేరు, ఎవరు బిగించారు, ఎక్కడ నుంచి వచ్చింది." మొత్తం ఆరు గీతలున్నాయి.

"ఇంజన్, బ్రేకులు, ఏసీ. మూడు రాసి ఇచ్చెయ్," అంది గ్లెండా.

నెవిల్ పెన్ను తీసి ఆలోచించాడు. "తయారైన నాటి నుంచి అన్నారు."

"అన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను."

"ఫారంలో అబద్ధం రాయలేను గ్లెండా." కిటికీ దగ్గరికి వెళ్ళి ఇంకో మూడు కాగితాలు అడిగి తెచ్చుకున్నాడు. బల్ల దగ్గర కూర్చుని, మొదటి కాగితం మీద ఆ మూడూ రాసి, గుండ్రటి చేతిరాతతో నాన్నవి మొదలుపెట్టాడు. పేరు బిళ్ళ. కార్పెట్. పక్క పట్టీలు, నాలుగు. చేతి దిమ్మలు. స్టీరింగ్. వెనక సీటు. బిగించినవారు అన్నచోట ప్రతి వరసలోనూ విల్ఫ్రెడ్ గార్బట్ అని పూర్తి పేరు రాశాడు. ఎక్కడ నుంచి వచ్చింది అన్నచోట పెన్ను ఆగింది. గ్లెండా కళ్ళు మూసుకుంది. నెవిల్ నుదురు తుడుచుకుని, "నేరుగా ఫ్యాక్టరీ నుంచి" అని రాశాడు. కింద వరసలన్నిటికీ అదే, అదే అని రాసుకుంటూ పోయాడు.

గుమాస్తా కాగితాలన్నీ వరసగా చదివాడు. మధ్యలో ఒకసారి తలెత్తి నెవిల్‌ని చూశాడు. నెవిల్ మెడ దాకా ఎర్రబడ్డాడు.

"అన్నీ కంపెనీ అసలు భాగాలేనా సార్?"

"అన్నీ అసలువే."

"అదృష్టవంతులు. ఈ రోజుల్లో అందరూ నకిలీలు పెట్టుకొస్తున్నారు," అని గుమాస్తా ముద్ర కొట్టాడు.

బయట నలభై ఒక్క డిగ్రీలు. గ్లెండా స్టీరింగ్ ముందు కూర్చుని ఏసీ వేసింది. చల్లగాలి మొహానికి తగలగానే నెవిల్ ఉలిక్కిపడ్డాడు. కాసేపు బిగుసుకుని కూర్చుని, గ్లెండా చూడనప్పుడు, గాలి గొట్టాన్ని కాస్త తన వైపు తిప్పుకున్నాడు.

"కిటికీ దించనా?" అంది గ్లెండా.

"నోరు మూసుకుని పోనీ," అన్నాడు నెవిల్.